మూడేళ్ళకొకసారి ఎగిరితే చాలన్నారు

1954లో నేను ఆత్మకూరు హైస్కూలులో సైన్సు అసిస్టెంటుని. ఫోర్తుఫారం నుంచి సిక్స్తుఫారం దాకా, అంటే హైస్కూలులో చివరి మూడు క్లాసులకూ, సైన్సు చెప్పేవాళ్ళను అప్పట్లో అట్లా పిలిచేవారు. ల్యాబు తాళంచెవి దాచుకోవడం, పగిలిన ప్రతి బీకరుకీ సంజాయిషీ రాసుకోవడం కూడా ఆ ఉద్యోగంలోవే. బడి మొత్తానికి ఆడటీచర్లం ఇద్దరం, హోంసైన్సు టీచరూ నేనూ. ఆమెతో ఎవరికీ పేచీ ఉండేది కాదు. నాతో అందరికీ ఉండేది.

ఆ రోజుల్లో మా మెట్టప్రాంతంలో నమూనా విమానాల సంఘం ఒకటి ఉండేదంటే ఇప్పుడు నమ్మేవాళ్ళు తక్కువ. దాన్ని పుట్టించింది ఉదయగిరి ఖాదర్ సాయిబుగారు. యుద్ధకాలంలో విమానదళంలో ఫిట్టరుగా పనిచేసి వచ్చి, ఊళ్ళో ఆయిల్ ఇంజన్లు బాగుచేసుకుంటూ ఉండేవారు. చేతులు ఊరుకోక గ్లైడర్లు చేయడం మొదలుపెట్టారు. గ్లైడరంటే ఇంజను లేని విమానం. దారం కట్టి గాలికి ఎదురు పరుగెత్తితే గాలిపటంలాగా లేస్తుంది. పైకి పోయాక దారం దానంతటదే కొక్కెం నుంచి జారిపోతుంది. ఆ తరువాత దాని బతుకు దానిది. దొరల దేశాల్లో వీటిని బాల్సా అనే తేలిక కొయ్యతో చేస్తారట. మాకు బాల్సా ఎక్కడిది? పెళ్ళి బాసికాలు చేసే జీలుగ బెండు ఉంది. బెండుతో రెక్కలు, వెదురుపుల్లతో వెన్ను, పైన గాలిపటం కాగితం. అంతే విమానం.

ఆయన్ని చూసి ఉదయగిరిలో కొందరు, ఆత్మకూరులో కొందరు ఈ పిచ్చిలో పడ్డారు. మేష్టర్లు, తాలూకా ఆఫీసు గుమాస్తాలు, ఒకరిద్దరు రైతులు, నేను. సంఘానికి అధ్యక్షులు ఆత్మకూరు సుబ్బారెడ్డిగారు. భూమి ఉన్నవారు, మాట చెల్లేవారు. మొదటి మహాసభ ఆత్మకూరులో ఆయనే జరిపించారు. షామియానా, నాదస్వరం, వచ్చినవాళ్ళందరికీ పులిహోర. నెల్లూరు నుంచి ఒక పెద్ద అధికారిని పిలిపించి మెళ్ళో దండ వేశారు. అధికారి ఉపన్యాసం ముగిసేసరికి గాలి పడిపోయింది. విమానాలు ఎగిరింది కొంచెం, ఎండలో ఎదురుచూసింది చాలా. ఎగిరినవాటిలో రెడ్డిగారిదే పైచేయి అయింది. దాన్ని తెచ్చి ఆయన హాలులో తగిలించుకున్నారు.

ఇక అసలు సంగతి. ఫోర్తుఫారంలో మార్తమ్మ అనే పిల్ల ఉండేది. సీతారామపురం దగ్గర పల్లె. తండ్రి బండి తోలేవాడు. మిషన్ హాస్టల్లో ఉండి చదువుకునేది. శనివారం శనివారం నేను ల్యాబులో విమానాలు చేయిస్తుంటే వచ్చి కూర్చునేది. మొదట్లో మగపిల్లలు నవ్వారు. తరువాత వాళ్ళ విమానాల ముక్కు బరువు సరిచూసుకోవడానికి ఆ పిల్ల దగ్గరికే పోవడం మొదలుపెట్టారు. సెంటర్ ఆఫ్ గ్రావిటీ, అంటే వేలిమీద పెడితే వస్తువు ఒరగకుండా నిలబడే చోటు, ఆ పిల్లకు పాఠం అక్కరలేకుండా తెలిసేది. రెక్క మెలిపడితే హాస్టల్లో అన్నం గుండిగ ఆవిరిమీద పట్టి మళ్ళీ వంచుకునేది.

ఫిఫ్తుఫారానికి పోతూ ఆప్షనల్ ఎంచుకోవాలి. మా బడిలో మగపిల్లలకు ఫిజిక్సు, ఆడపిల్లలకు హోంసైన్సు. రాసిన రూలేమీ లేదు. రాయకుండానే అందరూ పాటించే రూలు. మార్తమ్మకు ఫిజిక్సు కావాలి. హెడ్మాస్టరుగారి గదికి పోయి అడిగాను.

"రేపు ఆ పిల్ల ఫెయిలైతే నాకు చెడ్డపేరమ్మా" అన్నారాయన.

"మగపిల్లలు ఫెయిలైతే ఎవరికొస్తుందండీ ఆ పేరు?"

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. నన్ను వదిలించుకోవాలనుకున్నప్పుడల్లా చేసే పని అది. "సరే. సంఘం మహాసభలో మన బడి మగపిల్లల విమానాలకంటే ఆ పిల్లది ఎక్కువసేపు గాల్లో ఉంటే చేర్చుకుంటాను. మహాసభలోనే. మీ ల్యాబు వరండాలో ఎగరేసి వచ్చి నాకు చెప్పొద్దు."

ఆ మాటే చాలనుకున్నాను. సంక్రాంతి పోయినాక సంఘం సమావేశమైంది, రెండో మహాసభ ఎప్పుడనేది తేల్చడానికి. రెడ్డిగారి వసారాలో చాపలమీద కూర్చున్నాం.

"మూడేండ్లకొకతూరి చేద్దాం" అన్నారు రెడ్డిగారు. "చేస్తే నలుగురు చెప్పుకునేటట్టు ఉండాల. ఏటేటా చేస్తే ఎవురు లెక్కచేస్తారు?"

ఖాదర్ సాయిబుగారు రెండేళ్ళన్నారు. "ఏటేటా అంటే పోయినేడు చేసిన తప్పే మళ్ళా చేసుకోనొస్తారు. కొంచెం ఆలోచించుకునేదానికి టైము ఉండాల గదా."

నేను మనసులో నెలలు లెక్కపెట్టుకున్నాను. జూన్‌లో ఆప్షనల్ రాసుకుంటారు. మూడేళ్ళయినా, రెండేళ్ళయినా, మార్తమ్మకు రెండూ ఒకటే. ఆ లోపల కుట్టుపనీ వంటపనీ నేర్చుకుని బడి దాటిపోతుంది.

"మూడేళ్ళకొకసారి పరీక్ష పెడితే పిల్లలు బాగా చదువుతారా, రెడ్డిగారూ?" అన్నాను.

"పెండ్లి ఏటేటా చేసుకుంటారా, టీచరమ్మా?" అన్నారాయన. అందరూ నవ్వారు.

"ఇది పెళ్ళి కాదండీ, సంత. ఆత్మకూరు సంత మూడేళ్ళకొకసారి జరిగితే మీ గొడ్లు ఎవరికి అమ్ముకుంటారు? అంతెందుకు, తద్దినం కూడా ఏటేటానే పెడతాం. పోయినవాళ్ళకు చేసేపాటి మర్యాద ఎగిరేవాటికి చేయలేమా?"

ఈసారి నవ్వు నా వైపు వచ్చింది. అయితే నవ్వినవాళ్ళంతా నా పక్షం అనుకోకూడదని ఆరోజు తెలిసింది. చేతులెత్తమంటే మూడేళ్ళకే ఎక్కువ లేచాయి. కారణం దాచిపెట్టకుండా చెప్పినవాడు తాలూకా ఆఫీసు గుమాస్తా ఒకడే. "అమ్మా, మూడేండ్లకయితే పులిహోర ఉంటాది. ఏటేటా అయితే మజ్జిగ గూడా ఉండదు."

"పులిహోర కోసం వచ్చేవాళ్ళకు విమానాలెందుకు నాయనా, తిరనాళ్ళు ఉన్నాయిగా" అన్నాను.

రెడ్డిగారికి కోపం వచ్చింది. "అయితే ఒక పని చెయ్యండి. షామియానా లేకండా, ఒక్క ముద్ద పెట్టకండా పిలవండి. సంఘంలో సగంమంది వస్తే అది మహాసభే, ఏటేటా చేసేదానికి నేనే ఒప్పుకుంటా. రాకుంటే మీరింక ఈ మాట ఎత్తబాకండి."

"మార్చిలో, ఉదయగిరిలో" అన్నాను అక్కడికక్కడే. ఆయన మాట చల్లారకముందే పట్టుకోవాలి గదా.

ఆ రెండు నెలలూ నేను ఇంటింటికీ తిరిగాను. రమ్మని బతిమాలలేదు. బతిమాలడం నాకు చేతకాదు. "మీ విమానం ఎట్లా ఉందో చూద్దామని వచ్చాను" అనేదాన్ని. తీసి చూపించేవారు. ఎవరిదీ బాగా లేదు. కొన్నిటి బెండు పురుగు తొలిచింది, కొన్నిటి కాగితం చినిగింది. ఏడాది క్రితం దింపి పెట్టినవాడు మళ్ళీ ముట్టుకుంటే కదా. చూసి నేను ఒక్క మాటైనా అనకుండా లేచేదాన్ని. నేను మాట్లాడకుండా పోవడం కంటే పెద్ద నింద ఆ ఊళ్ళో లేదు. వాళ్ళు సిగ్గుపడి గంజి కాచుకుని కాగితాలు అంటించుకునేవారు.

అనుకున్న రోజు పొద్దున ఉదయగిరి కొండ కింద బీడు నేలలో నిలబడి లెక్క చూసుకున్నాను. ఉదయగిరివాళ్ళు వచ్చారు. ఆత్మకూరు బస్సు దిగి కొందరు అన్నం మూటలతో వచ్చారు, మజ్జిగ కూడా ఉండదన్న గుమాస్తాతో సహా. హెడ్మాస్టరుగారు మగపిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. మార్తమ్మ విమానాన్ని తువ్వాలులో చుట్టి చంటిబిడ్డనెత్తుకున్నట్టు ఎత్తుకుంది. ఎన్నిసార్లు లెక్కపెట్టినా సంఘంవాళ్ళు సగానికి ఒక్కరు తక్కువ.

హెడ్మాస్టరుగారు కూడా లెక్కపెట్టినట్టున్నారు. "అయితే ఇది మహాసభ కాదన్నమాట" అన్నారు.

అప్పుడు వచ్చింది సుబ్బారెడ్డిగారి గూడుబండి. నా సభ ఎట్లా చెడిపోతుందో చూసి పోదామని వచ్చారాయన. ఆ మాట ఆయనే తరువాత ఒప్పుకున్నారు. చేతిలో హాలులో తగిలించుకున్న విమానం.

"ఎంతమంది వచ్చినారేంది?" అన్నారు.

"సగానికి ఒకరు తక్కువగా ఉన్నామండీ. మీరు బండి దిగితే సరిపోతుంది."

ఆయన ఒక కాలు కిందపెట్టి ఆగారు. ఖాదర్ సాయిబుగారు పక్కకు తిరిగి దగ్గారు. గుమాస్తా మాత్రం ఆపుకోలేకపోయాడు. "అయ్యా, దిగబాకండి. దిగినారంటే ఏటేటా అన్నం మూటలు మోసుకోని రావాల మనం."

రెడ్డిగారు గుమాస్తాకేసి ఒక చూపు చూసి రెండో కాలు కూడా కిందపెట్టారు. మొండివారే గానీ మాట తప్పే మనిషి కాదు.

మొదటి విమానం ఆయనదే. హాలులో వేలాడి వేలాడి దాని రెక్కలు వాలిపోయాయి. దారం కట్టి లాగితే లేచినట్టే లేచి, తల తిప్పి నేలను పొడిచింది. తరువాత మా బడి మగపిల్లలవి ఎగిరాయి. బాగానే ఎగిరాయి. ఒకటి బీడు చివరి చిల్లచెట్లదాకా తేలిపోయి, అందరిచేతా చప్పట్లు కొట్టించుకుని దిగింది. హెడ్మాస్టరుగారు నా వైపు చూశారు.

మార్తమ్మ వంతు వచ్చింది. దారం పట్టుకోవడానికి నేను పోబోతే "మీరు వద్దు టీచర్, మీరు జోరుగా లాగుతారు" అంది. కొంచెంసేపు ఎగరేయకుండా నిలబడింది. నేల వేడెక్కుతోంది. అట్లా వేడెక్కిన చోటునుంచి గాలి ఊటలాగా పైకి పొంగుతుంది. దాన్ని థర్మల్ అంటారు, గద్దలు రెక్క ఆడించకుండా తిరిగేది దానిమీదే. ఆ పిల్ల చూస్తున్నది కూడా గద్దనే.

"ఏందమ్మే, ముహూర్తం చూస్తా ఉండావా?" అన్నాడు ఎవరో.

"గాలి రానీయండి అన్నా" అని, వచ్చాక పరుగెత్తింది.

విమానం లేచింది. దారం జారింది. ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది, ప్రతి చుట్టుకీ దిగాల్సింది పోయి ఎక్కుతోంది. మగపిల్లలు దానికింద పరుగెత్తి పరుగెత్తి ఆగిపోయారు. అది కొండవైపు తేలి, తెల్లటి చుక్కయి, కొండమీది కోట గోడ పైనుంచి అవతలికి పోయింది. మళ్ళీ రాలేదు.

హెడ్మాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. "విమానం ఏదమ్మా? దిగలేదు కదా. దిగనిదానికి లెక్క ఎట్లా కడతారు?"

నేను నోరు తెరిచేలోపల ఖాదర్ సాయిబుగారు అందుకున్నారు. "సార్, ఇట్లా కనపడకుండా ఎగిరిపోతే ఫ్లై అవే అంటారు. కంటికి కనపడినంతసేపే లెక్క. ఆ లెక్కకే మీ పిల్లోళ్ళవి ఎప్పుడో దిగి నేలమీద ఉండాయి."

"మీరు అన్నది ఎక్కువసేపు గాల్లో ఉంటే అని కదండీ" అన్నాను. "దిగాలని అనలేదు. ఇప్పటికీ అది గాల్లోనే ఉందేమో."

ఆయన కళ్ళజోడు తీశారు. తుడవకుండానే మళ్ళీ పెట్టుకున్నారు. "హోంసైన్సు టీచరుకి ఏం చెప్పమంటారు?"

"ఒక పిల్ల తగ్గిందని చెప్పండి."

జూన్‌లో మార్తమ్మ ఫిజిక్సు క్లాసులో కూర్చుంది. మగపిల్లల బెంచీలో చోటు లేదంటే నేను ల్యాబులోనుంచి ఒక స్టూలు మోయించాను. ఆ ఏటినుంచి నేను ఆత్మకూరు వదిలేదాకా సంఘం మహాసభ ఏటేటా జరిగింది. ఎవరి అన్నం మూట వాళ్ళు తెచ్చుకునేవారు. రెడ్డిగారు ఒక ఏడు మజ్జిగ పోయించి, "ఇది సంఘానికి కాదు, ఎండకు" అన్నారు.

తరువాతి ఉద్యోగాల్లో ఇట్లాంటి సమావేశాలు చాలా చూశాను. సైన్సు ప్రదర్శన ఎన్నేళ్ళకొకసారి, స్కాలర్‌షిప్పు పరీక్ష ఎన్నేళ్ళకొకసారి, వార్షికోత్సవం వాయిదా వేద్దామా. ప్రతిచోటా ఎవరో ఒకరు "తొందరేముంది" అంటారు. ఆ మాట అన్నవాళ్ళ ముఖాలు చూశాను. వాళ్ళంతా వచ్చే ఏడూ అదే కుర్చీలో కూర్చునేవాళ్ళే. వచ్చే ఏటికి అక్కడ ఉండనివాళ్ళను ఆ సమావేశానికి పిలవరు. నా సర్వీసులో నేను నేర్చుకున్నది ఇది: ఏదైనా ఎప్పుడు జరగాలో తేల్చేముందు, ఎవరికి గడువు అందరికంటే తక్కువగా ఉందో కనుక్కోవాలి. కనుక్కుని, వాళ్ళు బడి దాటిపోకముందే దారం లాగాలి.