వలయం లేని పళ్ళెం

ఆదోని ల్యాబులో పనిచేసే వనజాబాయి ఉదయం రాగానే గాజు పళ్ళేలను వెలుగుకు ఎత్తి చూస్తుంది. రోగి కఫంలోంచి పెంచిన సూక్ష్మజీవుల పొర మీద మందు బిళ్ళలు ఉంటాయి. బిళ్ళ చుట్టూ ఖాళీ వలయం కనిపిస్తే ఆ మందు పనిచేస్తుందన్నమాట. ఆ వలయాన్ని చిన్న స్కేలుతో కొలుస్తుంది. ఆ రోజు పత్తి జిన్నింగు మిల్లు కూలీ ఉరుకుందమ్మ పళ్ళెంలో, ఆమె వాడుతున్న ఎరిత్రోమైసిన్ బిళ్ళ చుట్టూ వలయమే లేదు. కాసేపటికి రిపోర్టు కోసం భర్త ఈరన్న వచ్చాడు.

“ఆ మందు ఇంక ఇయ్యొద్దప్పా, ఆమెకు పనిచేయదు,” అంది.

“ఆమె నిన్ననే పోయింది మేడం. పాపకూ అదే దగ్గు పట్టుకునింది. మిగిలిన ఆ మాత్రలే ఏస్తాండాను. ఈ కాగితం డాక్టరుకు సూపిద్దామని వచ్చినా.”

వనజాబాయి రిపోర్టులో పనిచేసే మందు పేరు కింద రెండు గీతలు గీసింది. తెల్లకోటు విప్పకుండానే రోడ్డు మీదికొచ్చి, అతని కోసం ఆటో ఆపింది.