సారు అందించే మాట

జహీరాబాద్ బస్టాండులో దిగి అంజుమ్ మేడం ఎక్కడుంటుందని అడగండి. ఏ అంజుమ్ అని ఆటోవాళ్లు ఎదురు ప్రశ్న వెయ్యరు. ఊళ్లో అంజుమ్‌లకేం కొదవ లేదు గానీ, ఇంగ్లీషు అంజుమ్ మేడం మాత్రం ఒక్కతే. హైవే పక్కన టైర్ల దుకాణం మీద రెండు గదుల కోచింగ్ సెంటర్ ఉంది. పొద్దున్నుంచీ ఆమె అక్కడే ఉంటుంది. సెంటర్ అల్లం వ్యాపారి వీరేశ్‌ది, పెత్తనం అంజుమ్‌ది. ఆ సంగతి వీరేశ్‌కీ తెలుసు, పాపం.

బయటి దేశాల్లో నర్సు ఉద్యోగం కావాలంటే ముందు ఒక ఇంగ్లీషు పరీక్ష నెగ్గాలి. చదవాలి, రాయాలి, వినాలి, మాట్లాడాలి. చిరాగ్‌పల్లి నుంచీ మొగుడంపల్లి నుంచీ నర్సింగ్ చదివిన ఆడపిల్లలు ఆ పరీక్ష కోసమే ఈ మెట్లెక్కుతారు. వాళ్లకి పాఠం చెప్పేది అంజుమ్ కాదు. వాళ్లకి చెప్పబోయే టీచర్లకి చెబుతుంది ఆమె. ఈ ఉద్యోగం ఏమిటో ఊరికి ఇప్పటికీ ఒక పట్టాన అంతుబట్టదు. ఆమె తల్లి ఉమ్రావ్ బేగం అయితే పక్కింటివాళ్ల దగ్గర తేల్చేసింది: "టీచర్లకే రాకపోతే మరి ఆళ్లు టీచర్లెట్లయిన్రమ్మా? ఏమో, నా బిడ్డ ఆళ్లకు చెప్తదంట!"

వినే పరీక్ష కోసం రికార్డింగు పెట్టగానే కింద ముంబై లారీ హారన్ కొడుతుంది. మొదట్లో అంజుమ్ కిటికీలు మూయించేది. ఇప్పుడు తానే తెరిపిస్తుంది. ఈ మోతలో అర్థం చేసుకున్న పిల్ల ఏ దేశంలోనైనా అర్థం చేసుకుంటుందని ఆమె ధీమా.

ఆమె ఇంగ్లీషుకి మూలపురుషుడు ప్రకాశం సారు. అంజుమ్ తండ్రి ముఖ్తార్ హైవే పక్కన కూర్చుని లారీల మీద కప్పే టార్పాలిన్లు కుట్టేవాడు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. ఇంగ్లీషు అనేది లారీల వెనక రాసి ఉండే సామాను మాత్రమే. అలాంటి పిల్ల చేతిలో ఇంగ్లీషు పుస్తకం పెట్టి, భయపడకు బిడ్డా, నేను లేనా అన్నది హైస్కూల్లో ప్రకాశం సారే.

ఆయన పాఠం ఒక జాతర. సగం వాక్యం తాను చెప్పి చెయ్యి పైకెత్తేవాడు. మిగతా సగం క్లాసంతా ఒక్క గొంతుతో అరిచేది. "ద సన్ రైజెస్ ఇన్ ద...?" "ఈస్ట్ సార్!" "అవర్ ఇండియా ఈజ్ ఎ గ్రేట్...?" "కంట్రీ సార్!" మన బడుల్లో చదివినవాళ్లకి ఈ పద్ధతి కొత్త కాదు. కానీ ప్రకాశం సారు చెయ్యెత్తితే మూగపిల్ల కూడా అరిచేదట. జనం కాస్త ఎక్కువ చేసి చెబుతారు, పోనివ్వండి. అంజుమ్ మాత్రం ముందు బెంచీలో కూర్చుని అందరికంటే గట్టిగా అరిచేది. ఆ అరుపుల్లోనే తనకి ధైర్యం వచ్చిందని ఇప్పటికీ చెబుతుంది.

అలాంటి ప్రకాశం సారు రిటైరై, ఇంట్లో కాలు నిలవక, ఒకరోజు ఆ మెట్లెక్కి వచ్చాడు. అంజుమ్ కుర్చీలోంచి దిగ్గున లేచి నిలబడింది.

"కూసో బిడ్డా, కూసో. నాకు గూడ ట్రైనింగ్ ఇయ్యి. క్లాసు లేక పిచ్చి లేస్తున్నది" అన్నాడాయన నవ్వుతూ.

ఆమె సంతోషంతో సారుకి తన కుర్చీయే జరిపింది. ఆ సంతోషం వెనకే చిన్న భయం కూడా వచ్చింది. వీరేశ్ మాట్లాడే పరీక్ష కోసం సాయంత్రం కొత్త క్లాసు పెడుతున్నాడు. దానికి టీచరు ఎవరన్నది అంజుమ్ చెప్పాలి. ఆమె సరే అంటేనే క్లాసు, కాదంటే లేదు. అక్షరాలు దిద్దించిన సారుకి తాను మార్కులెయ్యాలి! ఇదెక్కడి విడ్డూరం అనుకుంది.

అంజుమ్ నేర్పే పద్ధతి చెప్పడానికి సులువు, చెయ్యడానికి చచ్చేంత కష్టం. ప్రశ్న అడిగి నోరు మూసుకోవాలి. పిల్ల ఆగిపోయినా సరే, తడబడినా సరే, టీచరు ఒక్క మాట అందించకూడదు. అసలు పరీక్షలో ఒక కార్డు చేతికిస్తారు. దాని మీదున్న విషయం గురించి ఒంటరిగా రెండు నిమిషాలు మాట్లాడాలి. ఎదురుగా కూర్చున్న మనిషి గోడలా వింటాడు తప్ప సాయం చెయ్యడు. సారుతో పాటు శిక్షణకి వచ్చిన అఫ్రీన్ అనే అమ్మాయి నోరు ఆపుకోలేక దుపట్టా అంచు కొరుక్కునేది. అయినా వారంలో దారికొచ్చింది.

ప్రకాశం సారు వంతు వచ్చింది. ఎదురుగా నాగరాణిని కూర్చోబెట్టారు. చిరాగ్‌పల్లి పిల్ల, ఊళ్లో ప్రైవేటు దవాఖానలో నర్సు. ఆ పరీక్ష ఒకసారి రాసింది. మిగతావన్నీ గట్టెక్కి మాట్లాడే దాంట్లో తప్పింది. నెలాఖరున మళ్లీ ఉంది. ఈసారి కూడా తప్పితే బయటి దేశంలోని ఆసుపత్రివాళ్లు ఆమెకిస్తామన్న ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు.

సారు చెయ్యెత్తాడు. "మై నేటివ్ ప్లేస్ ఈజ్...?"

"చిరాగ్‌పల్లి సార్!"

"ఇట్ ఈజ్ ఫేమస్ ఫర్...?"

"జింజర్ సార్!"

"అవర్ ఫార్మర్స్ ఆర్ వెరీ...?"

"హార్డ్‌వర్కింగ్ సార్!"

పాఠం పరుగులు తీసింది. నాగరాణి ముఖం వెలిగిపోయింది. తలుపు దగ్గర నిలబడ్డ వీరేశ్ చప్పట్లు కొట్టాడు. "పాఠమంటే గిది! మేడం, సారుకు రేపే క్లాసు ఇచ్చేద్దాం" అన్నాడు.

అంజుమ్ మాత్రం చప్పట్లు కొట్టలేదు. వాక్యాలన్నీ సారువి. నాగరాణి చెప్పినవి మూడు మాటలు. అది చెప్పాలని నోరు తెరిచింది. సారు చిన్నపిల్లాడిలా ఆశగా తనవైపే చూస్తున్నాడు. "బాగుంది సార్" అని ఊరుకుంది.

ఇంటికెళ్లి భర్త ఖలీద్‌తో చెప్పుకుని తల పట్టుకుంది. ఖలీద్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో తయారైన బండిని పరీక్షించి పంపే పనిలో ఉంటాడు. "మా దగ్గర బ్రేకు పడకపోతే చూడ చక్కగుందని బండిని బయటికి పంపం" అన్నాడు. ఆమెకి ఒళ్లు మండింది.

మర్నాడు తలుపు మూసి, తానే పరీక్షకురాలిగా కూర్చుని, నాగరాణికి అదే కార్డు ఇచ్చింది. నీకు బాగా తెలిసిన ఊరి గురించి చెప్పు.

"మై నేటివ్ ప్లేస్ ఈజ్ చిరాగ్‌పల్లి" అంది నాగరాణి. ఆగింది. అంజుమ్ ముఖంలోకి చూస్తూ, తర్వాతి వాక్యం ఆమె మొదలుపెడుతుందని ఎదురుచూసింది. కింద లారీలు వెళ్తూనే ఉన్నాయి. పిల్ల నుదుట చెమటలు పట్టాయి. చివరికి "మేడం, సారు జర అందిస్తే అంతా చెప్తుంటి" అంది.

ఆ చూపు అంజుమ్‌కి కొత్త కాదు. అది ఎక్కడిదో కూడా బాగా తెలుసు.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక సారుని ఉండమంది. ఆయన హుషారుగా కూర్చున్నాడు. "ఏమంటవ్ బిడ్డా? నాగరాణి పాసయినట్టే గద!"

"సార్... నాగరాణి మాట్లాడ్తలేదు. మీరే మాట్లాడుతున్నరు."

"పిల్ల జర ఆగుతది. మనం ఒక మాట అందిస్తం. అందిస్తే తప్పా?"

"అక్కడ అందించేటోళ్లు ఉండరు సార్. పొద్దున నేను అందియ్యకుంటే ఒక్కటే మాట చెప్పి ఆగిపోయింది."

సారు ముఖం చిన్నబోయింది. కోపంతో కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. "నీకు గూడ గిట్లనే నేర్పిన గద అంజుమ్. నీకు రాలేదా ఇంగ్లీషు?"

మీ దయవల్లే వచ్చింది సార్ అనొచ్చు. అంటే అక్కడికి అయిపోతుంది. సారు సంతోషంగా ఇంటికి పోతాడు, నాగరాణి నెలాఖరున పరీక్షకి పోయి మళ్లీ తప్పుతుంది. అంజుమ్ తన కుర్చీని సారుకి దగ్గరగా జరుపుకుంది.

"డిగ్రీ అయినంక హైదరాబాద్‌ల ఇంటర్వ్యూకు పోయిన, యాదికున్నదా సార్? దరఖాస్తు మీరే రాయించిన్రు."

"ఎందుకు లేదు? కొలువు నచ్చలేదని వాపస్ వచ్చినవ్."

"నచ్చకపోవుడు కాదు సార్. ఆళ్లే నన్ను వద్దన్నరు. మీకు అబద్ధం చెప్పిన."

సారు తలెత్తి చూశాడు.

"మీ నాయన గురించి చెప్పమని అడిగింది అక్కడి మేడం. మా నాయన టార్పాలిన్లు కుడ్తడని ఒక్కటే ముక్క ఇంగ్లీషుల చెప్పి ఆగిన. ఆమె నా దిక్కు చూసింది, నేను ఆమె దిక్కు చూసిన. మిగిలింది ఆమె మొదలు పెడ్తదని కూసున్న సార్, మీరు పెట్టినట్టు. ఆమె పెట్టలే. థాంక్యూ, పోవచ్చు అన్నది. అప్పటిసంది నోరు తెరవనీకి నాకు ఏండ్లు పట్టింది."

ప్రకాశం సారు చేతిసంచి తీసుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. అంజుమ్ కిటికీలోంచి చూస్తూ వెక్కి వెక్కి ఏడ్చింది. అన్నం పెట్టిన చేతిని కొట్టినట్టు అనిపించింది ఆమెకి.

మర్నాడు సారు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వీరేశ్ సణిగాడు. "మేడం, పెద్దమనిషిని ఏమన్నరో ఏమో!" అన్నాడు. ఆమె కసురుకుంది. ఫోన్ చెయ్యడానికి మాత్రం చెయ్యాడలేదు.

వారం తిరిగాక, నాగరాణి డ్యూటీ దిగి వచ్చే వేళకి, సారు వచ్చాడు. ఎవరినీ పలకరించలేదు. నాగరాణి ఎదురుగా కూర్చుని కార్డు చేతికిచ్చాడు.

"మై నేటివ్ ప్లేస్ ఈజ్ చిరాగ్‌పల్లి" అంది పిల్ల. అలవాటు ప్రకారం ఆగి, ఆయన చేతివైపు చూసింది.

సారు కుడిచెయ్యి లేవబోయింది. ఆయన దాన్ని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు. ఎడమచెయ్యి కూడా కింద పెట్టుకున్నాడు. అఫ్రీన్‌కి నవ్వొచ్చింది గానీ మేడం ముఖం చూసి మింగేసింది. అంజుమ్ నాలుక మీదికే జింజర్ అన్న మాట వచ్చి కూర్చుంది, ఏం చెప్పాలి! నాగరాణి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా సారు కదల్లేదు.

అప్పుడు నాగరాణి తనంతట తానే మొదలుపెట్టింది. అల్లం తవ్వే రోజుల్లో వాళ్లమ్మ కూలికి పోయేదట. పొద్దంతా అల్లం కడిగి కడిగి, చెక్కు తీసి తీసి చేతులు మండేవట. సాయంత్రం అన్నం కూడా కలుపుకోలేకపోయేదట. నాగరాణే ముద్దలు చేసి తినిపించేదట. చేతులకి ఏం రాస్తే మంట తగ్గుతుందో తెలుసుకోవాలనే నర్సింగ్ చదివిందట. వాక్యాలు కుంటుతూ నడిచాయి. ఒక చోట తప్పు, ఇంకో చోట వెతుకులాట. కానీ ప్రతి మాటా ఆమెదే. హార్డ్‌వర్కింగ్ అనే మాటే రాలేదు. రెండు నిమిషాలు దాటిపోయినా ఎవరూ ఆపలేదు.

ముగించాక నాగరాణి తనే ఆశ్చర్యపోయినట్టు నవ్వింది. సారు తలూపి, లేచి బయటికి వెళ్లాడు. అంజుమ్ వెనకే వెళ్లింది. ఆయన మెట్టు మీద కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు.

"వారం దినాల నుంచి అదే ఆలోచిస్త ఉన్న బిడ్డా. ఎంతమంది పిల్లల మాటలు నేనే మాట్లాడిన్నో!"

"అట్లనకండి సార్. మీరు లేకుంటే నాకు ఏ ఫర్ ఆపిల్ గూడ రాకుండె."

"అది పక్కన పెట్టు. హైదరాబాద్‌ల ఆ మేడం నిన్నడిగింది గద, మీ నాయన గురించి. ఇప్పుడు నేను అడుగుతున్న. చెప్పు. మొత్తం చెప్పు. నేను వింట."

"ఇప్పుడా సార్?" అంది అంజుమ్. ఆయన వింటున్నట్టు కూర్చున్నాడు, అంతే.

అంజుమ్ ఆయన పక్క మెట్టు మీద కూర్చుని ఇంగ్లీషులో మొదలుపెట్టింది. తన తండ్రి ఎండలో ఆగి ఉన్న లారీ నీడలో కూర్చుని కుట్టేవాడు. నీడ జరిగితే తానూ జరిగేవాడు. వాన పడితే పని ఆపి రోడ్డు వైపు చూస్తూ నిలబడేవాడు. అదిగో ఆ లారీ, దానికి కుట్టింది నేనే, లోపలి సరుకు తడవదు అని పిల్లలకి చూపించి మురిసిపోయేవాడు. ఆ వానకే తమ ఇల్లు కారేది. ఇంటర్వ్యూ నుంచి తిరిగొచ్చిన రోజు తండ్రి ఒక్క ప్రశ్న అడగలేదు. చాయ్ తెచ్చి చేతికిచ్చి, అది తాగేదాకా పక్కన కూర్చున్నాడు. ఆయన చనిపోయేలోగా నిజం చెప్పాలని ఎన్నోసార్లు అనుకుంది, చెప్పలేకపోయింది. మధ్యలో రెండుచోట్ల ఆమె ఆగింది. ఆగిన రెండుసార్లూ సారు పెదవులు కదిలాయి. మాట మాత్రం బయటికి రాలేదు.

అంతా అయ్యాక ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఆమె వైపు తిరిగాడు.

"గిది ఆ దినం చెప్పి ఉంటే కొలువు నీదే ఉండె బిడ్డా. నీ లోపల అంతా ఉండె. బయటికి రానియ్యంది నేనే."

అంజుమ్ కాదనలేదు. ఆయనతో ఆడిన ఒక అబద్ధం చాలు. కొంగుతో కళ్లు తుడుచుకుని, లోపలికి వెళ్లి, రేపటి నుంచి సాయంత్రం క్లాసు ప్రకాశం సారుదేనని వీరేశ్‌కి చెప్పింది.