పూజగదిలో స్కాట్లాండ్ ఇటుకలు

ఆ రోజుల్లో నేను తెనాలిలో ఓ ప్రైవేటు కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పేదాన్ని. ఇరవై నాలుగేళ్ళు. నేను వచ్చి బయటపెట్టేదాకా చరిత్రంతా మట్టి కింద ఊపిరి బిగబట్టుకుని కూర్చుందని గట్టి నమ్మకం. (మా ప్రిన్సిపాల్ గారికి మాత్రం సిలబస్ పూర్తయితే చాలు.) అప్పుడే రేపల్లెలో మా బాబాయి తన పాత రైసు మిల్లు పడగొట్టిస్తుంటే చూడ్డానికి వెళ్ళి, బాయిలరు పొయ్యి దగ్గర ఓ ఇటుక ముక్క మీద కాలేసి జారిపడ్డాను. లేచి చూద్దును కదా, లేత పసుపు రంగు ముక్క, దాని మీద అచ్చుగుద్దిన నాలుగు ఇంగ్లీషు అక్షరాలు! మిగతా పేరు విరిగిపోయింది. పొయ్యి గోడలో అలాంటి నిండు ఇటుకలు ఇంకా ఉన్నాయి గానీ, అక్షరాల వైపు లోపలికి ఉండి కనపడలేదు.

ఫోటో తీసి ఇంటర్నెట్లో పెడితే, పాత ఇటుకలు సేకరించే స్కాట్లాండ్ పెద్దాయన ఒకాయన జవాబిచ్చాడు. (ఇటుకలు పోగేసేవాళ్ళు కూడా ఉంటారని నాకూ అప్పుడే తెలిసింది.) వాళ్ళ తాత ఇటుకల బట్టీలో పనిచేసేవాడట. ఆ తాత ఇంటికి తెచ్చుకున్న సగం ముక్క మీదా ఇవే నాలుగు అక్షరాలు. ఆ బట్టీ పేరేంటో చెప్పగలిగినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదట. "నిండు ఇటుక ఒక్కటి దొరికినా ఫోటో పంపమ్మా, చనిపోయేలోగా ఆ పేరు చదవాలని ఉంది" అని రాశాడు.

నా కళ్ళు చెమర్చాయి. వెంటనే బాబాయికి ఫోన్ చేశాను.

"బాబాయ్, ఆ ఇటుకలు పారెయ్యకండి! వాటి మీద అక్షరాలున్నాయి. చాలా గొప్పవి."

"నువ్వంతలా చెప్పాక పారేస్తానా అమ్మాయ్! ఉండాల్సిన చోట ఉంచుతాను."

పరీక్షల డ్యూటీ వల్ల రెండు వారాలు కదల్లేకపోయాను. ఈలోగా కాలేజీ అంతా టముకు వేసి, ప్రిన్సిపాల్ గారిని కూడా ఒప్పించి, ఆదివారం పొద్దున్న రేపల్లె పాసింజరు ఎక్కించాను. దారి పొడుగునా ఉపన్యాసమే. ఆయన వేమూరు దాకా విని నిద్రపోయారు.

బాబాయి గుమ్మంలోనే ఎదురొచ్చి, కాళ్ళు కడుక్కోమన్నారు. తిన్నగా కొత్త పూజగదికి తీసుకెళ్ళారు. నేల మీద పదకొండు పసుపు ఇటుకలు, నున్నగా, ఒద్దికగా, సిమెంటులో బిగిసి ఉన్నాయి. ఒక్క అక్షరం లేదు.

"అక్షరాలేవి బాబాయ్?"

"కిందకి తిప్పించానమ్మా. ఆ ఇంగ్లీషు మాకెవరికీ చదవరాదు గానీ, అక్షరాలంటే సరస్వతి కదా, కాలు తగలకూడదని. నువ్వు చెప్పబట్టి సరిపోయింది. లేకపోతే మేస్త్రి పైకే పెట్టేసేవాడు."

"ఒక్కటి... ఒక్కటి తీయిద్దామా?" అన్నాను ఎలాగో. హారతి పళ్ళెంతో వస్తున్న పిన్ని ఆగిపోయింది. "దేవుళ్ళు వచ్చి కూర్చున్నాక నేల తవ్వుతావుటే?" అంది. ప్రిన్సిపాల్ గారు ప్రసాదం కళ్ళకద్దుకుని, "మంచి దర్శనమైందమ్మా" అన్నారు. తిరుగు రైల్లో నేను కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉన్నాను. ఆయన సిలబస్ సంగతి ఎత్తకపోవడం మాత్రం ఆయన మంచితనం.

స్కాట్లాండ్ పెద్దాయనకి ఉన్నదున్నట్టు రాశాను. "ఎప్పుడైనా నేల పగిలితే చెప్పు, తొందరేం లేదు" అని జవాబిచ్చాడు. ఏటా కొత్త సంవత్సరానికి అదే ప్రశ్న రాసేవాడు, "పగిలిందా?" అని. రెండేళ్ళుగా ఆ ఉత్తరం రావడం లేదు.

ఇప్పటికీ రేపల్లె వెళ్తే ముందు పూజగదిలోకే వెళ్తాను. మోకాళ్ళ మీద వంగి, నుదురు నేలకి ఆనించి, ఆ ఇటుకల సందుల్లో వెంట్రుకవాసి పగులైనా కనిపిస్తుందేమోనని వెతుకుతాను. ఆ మేస్త్రి పని అంత గట్టిది, ఇంతవరకూ కనిపించలేదు. వెనక నుంచి పిన్ని పక్కింటావిడతో అంటూ ఉంటుంది: "చిన్నప్పుడు దణ్ణం పెట్టమన్నా పెట్టేది కాదండి. వయసొచ్చేకొద్దీ ఎంత భక్తి వచ్చిందో చూడండి!"