మస్తాన్ గారు ఎక్కించిన బస్సు

నిన్న ఉదయం మా ఆవిడ కుట్టుమిషనుకు నూనె వేస్తుంటే, పక్కగదిలో పరీక్షపేపర్లు దిద్దుతున్న నా చేతిలో కలం ఆగింది. ఆ పలుచని నూనె వాసనకు నాకు ముందుగా తోచేది తుపాకీ. షార్జాలో నేను లెక్కల మాస్టారుగా పనిచేసిన బడి గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని, మస్తాన్ గారు ప్రతి గురువారం తన తుపాకీని ఆ నూనెతోనే తుడిచేవారు.

ఆయన మా బడికి వచ్చింది 1983లో. అంతకు ముందు నెలలో పెద్ద తరగతుల కుర్రాళ్ళు గేటు బయట ఇనుపకడ్డీలతో కొట్టుకున్నారు. ఒకడి తలకు ఏడు కుట్లు పడ్డాయి. బెదిరిపోయిన తల్లిదండ్రుల కమిటీ తుపాకీ ఉన్న కాపలాదారు కావాలని పట్టుబట్టింది. బడి లైసెన్సు ఎవరి పేరున ఉందో ఆ అరబ్బు పెద్దమనిషి, మా కఫీల్, పోలీసుల అనుమతి తెచ్చాడు. మస్తాన్ గారిది నెల్లూరు దగ్గరి పల్లె. సైన్యంలో హవల్దారుగా చేసి, ఆపైన దుబాయిలోని డేరా బజారులో ఒక నగల దుకాణానికి కాపలా ఉన్నారు. తుపాకీ అందుకున్న రోజున ఆయన కమిటీని అడిగిన మాట నా డైరీలో ఉంది: "బయటోడొస్తే సరే సార్. మన పిలకాయలే మన పిలకాయల్ని కొడితే దీన్ని ఎవురికి గురిపెట్టేది?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు. బడిలో క్రమశిక్షణ బాధ్యత నాది. ఆలస్యంగా వచ్చినవారి పేర్లు నిమిషాలతో సహా పట్టికలో రాసేవాణ్ణి. అటువంటి వారిని సాయంత్రం గంట కొట్టాక మరో పది నిమిషాలు ఆపాలన్న నియమమూ నాదే. "ఈ పొద్దు వలలో ఎన్ని చేపలు పడినాయి సార్?" అని మస్తాన్ గారు ఆటపట్టించేవారు. అందరికంటే ఎక్కువగా పడింది ఆరో తరగతి శ్రీనివాసు, పందొమ్మిదిసార్లు. కరీంనగర్ వైపు పిల్లవాడు; తండ్రి ఒక కంపెనీలో స్టోర్‌కీపరు.

ఒక సోమవారం ఉదయం మస్తాన్ గారు నన్ను గేటు పక్క గదిలోకి పిలిచారు. బల్ల మీద, పాత పేపరులో చుట్టిన కూరగాయల కత్తి. మూలన శ్రీనివాసు నేలచూపులు చూస్తున్నాడు.

"వీడి సంచీలో ఉండింది సార్."

ఆయుధంతో దొరికిన విద్యార్థిని బడి నుంచి తీసివేయాలని కమిటీ తీర్మానం. ఏడాది మధ్యలో వాణ్ణి చేర్చుకునే బడి మరొకటి లేదు. తల్లీ కొడుకూ ఊరికి తిరిగిపోవలసిందే. అది తెలిసే అన్నాను: "ప్రిన్సిపాల్ గారికి ఇచ్చేయండి. రూలు రూలే కదా."

"ఇస్తా సార్, దాచను. సాయంత్రం బస్సు తిరిగొచ్చినాక ఇస్తా. ఆలోపల మీరు వీడి బస్సు ఒక్కసారి ఎక్కండి."

"నేనెందుకు?"

"ఎన్ని నిమిషాలు లేటో మీరు రాస్తా ఉండారు. ఏ దారిన వస్తా ఉండాడో నేను చూస్తా ఉండా. పొద్దున వీడు బస్సులో రావడంల్యా సార్. ఎండలో నడిచొస్తా ఉండాడు."

ఆ సాయంత్రం నేను ముందే ఎక్కి డ్రైవరు వెనక కూర్చున్నాను. ఎత్తైన సీటు నన్ను కప్పేసింది. శ్రీనివాసును నా నియమం ప్రకారం పది నిమిషాలు ఆపి పంపారు. అప్పటికి ముందు సీట్లన్నీ చిన్నపిల్లలతో నిండాయి. మిగిలింది వెనక వరుసలో, నలుగురు పదో తరగతి కుర్రాళ్ళ నడుమ ఒక్క చోటు.

"ఆవో షేక్ సాబ్, మీ కుర్చీ ఖాళీ!" అని ఒకడు అరిచాడు. తర్వాత నవ్వులు. తర్వాత కాగితం చిరుగుతున్న చప్పుడు. నేను లేచి వెళ్ళేసరికి పదకొండు పేజీలు చిరిగిపోయి ఉన్నాయి. అది లెక్కల నోటుపుస్తకం. ప్రతి పేజీ అడుగున నా సంతకమే.

వాణ్ణి ముందుకు తెచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాను. చిరిగిన పేజీలు ఒడిలో సర్దుకుంటూ అన్నాడు: "పొద్దుగాల నడిస్తే ఒక్కపూటన్న తప్పుతది సార్. నడిస్తే లేటయితది. లేటయితే మీరు ఆపుతరు. ఆపితే ముంగటి సీటు దొరకది."

పదకొండేళ్ళ పిల్లవాడు నా నియమాన్ని నాకంటే తప్పులేకుండా విడమరిచాడు.

మస్తాన్ గారు మాట ప్రకారం ఆ సాయంత్రమే కత్తిని ప్రిన్సిపాల్ గారి బల్ల మీద పెట్టారు. కబురందుకుని వచ్చిన కమిటీ పెద్ద ఒకాయన మండిపడ్డాడు: "తుపాకీ ఇచ్చింది ఎందుకయ్యా? కత్తి బడి దాకా వచ్చిందా?"

"గేటు కాడే ఆపినా సార్. నేను ఆపలేంది బస్సులో ఉండాది."

నేను నా పట్టికను కత్తి పక్కన పెట్టి, చూసినదంతా చెప్పాను. వాడి పేరు కొట్టివేసేముందు నా తప్పు విచారించమని కోరాను. గంటన్నర వాదన జరిగింది. శ్రీనివాసును వారం రోజులు బడి మాన్పించారు. పేరు మాత్రం నిలిచింది. ఆ నలుగురి తండ్రులను పిలిపించి, వాళ్ళను బస్సు నుంచి తప్పించారు. నా నియమం ఆ రోజుతో ఖలాస్. ఆ ఏడాదంతా వెనక సీటులో నేనే కూర్చున్నాను. బస్సు కదిలేముందు మస్తాన్ గారు రోజూ కిటికీ మీద తట్టి, "యల్లా, పదండి సార్, మీ డ్యూటీ!" అని నవ్వేవారు.

నాలుగేళ్ళకు ఆయన నెల్లూరు వెళ్ళిపోయారు. ఆ తుపాకీ ఒక్కసారీ పేలలేదు. ఈ వయసులోనూ నేను ఒక ప్రైవేటు బడిలో పంతులునే, ఇప్పటికీ లెక్కగా ఉండే మనిషినే. ఆలస్యంగా వచ్చిన పిల్లవాడి పేరు రాసేముందు, ఏ దారిన వచ్చావని అడుగుతాను. కొందరు జవాబు చెప్పడానికి నాలుగైదు రోజులు తీసుకుంటారు. అన్ని రోజులూ పట్టికలో వాళ్ళ గడి ఖాళీగానే ఉంచుతాను.