డౌట్లున్న ఆటగాడు

మా యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్ ఆ ఏడాది ఓడిపోయిన ప్రతిసారీ క్యాంపస్‌లో పోస్టర్లు పెరిగేవి. అన్నింటి మీదా ఒకటే మాట: "నమ్ము." మొదటి మ్యాచ్ ఓడాక స్టేడియం గేటుకి కట్టారు. మూడోది ఓడేసరికి లైబ్రరీ తలుపుల మీదికీ, డైనింగ్ హాల్లో సూప్ గిన్నెల పైకీ వచ్చేసింది. ఆట బాగుచేయడం కన్నా పోస్టర్ వేయించడం తేలికని కోచ్‌కి తెలిసినట్టుంది.

అది రెండువేల ఆరు, అమెరికాలో. నేను స్టాటిస్టిక్స్‌లో మాస్టర్స్ చేస్తూ క్యాంపస్‌లోనే ట్యూటర్‌గా పనిచేసేదాన్ని. నా వంతుకి వచ్చినవాడు ఆ టీమ్‌లో లైన్‌మన్. అంటే బంతి జోలికి పోకుండా, ఎదుటివాళ్లు మనవాళ్ల మీద పడకుండా అడ్డంగా నిలబడేవాడు. అతను కూర్చుంటే కుర్చీ కనబడేది కాదు. బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆటని ఫుట్‌బాల్ అని ఎందుకంటారని మొదటిరోజే అడిగాను. కాసేపు ఆలోచించి, "నాకూ తెలీదు. ఇప్పటిదాకా నన్నెవరూ అడగలేదు," అన్నాడు.

రెండు వారాలు నోరు విప్పలేదు. మూడో వారం నుంచి ఊపిరి తీసుకోనిచ్చేవాడు కాదు. సగటు మనిషి అసలు ఎక్కడుంటాడు? శాంపిల్‌లో లేనివాళ్ల గతేంటి? నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివి నేను ఒక్కనాడూ లేచి అడగని ప్రశ్నలవి. నాకు ముచ్చటేసింది. అతనికి అదే ఆఖరి ఏడాది. సొంత మైదానంలో ఆడే చివరి మ్యాచ్‌కి వాళ్లమ్మ వస్తోందని రోజుకోసారి చెప్పేవాడు. ఆవిడ ఒక వృద్ధాశ్రమంలో పనిచేసేది. శనివారాలు సెలవు దొరక్క, కాలేజీలో కొడుకు ఆట ఒక్కసారి కూడా చూడలేదు.

ఆటగాళ్ల చదువు గురించి వారం వారం మేము కోచ్‌కి రిపోర్ట్ రాయాలి. ఒక వారం మనసారా మెచ్చుకుంటూ ఇంగ్లీష్‌లో రాశాను: "ఇతనికి డౌట్స్ ఉన్నాయి. రోజురోజుకీ పెరుగుతున్నాయి. నేను బాగా ప్రోత్సహిస్తున్నాను." పంపేముందు రూమ్మేట్‌కి చూపించాను.

"ఉత్త డౌట్స్ కాదే, 'సో మెనీ డౌట్స్' అని పెట్టు. మంచిగుంటది," అంది.

పెట్టాను.

సోమవారం అతను పుస్తకం తెరవలేదు. "కోచ్ నన్ను బెంచ్ మీద కూర్చోబెట్టాడు. టీమ్ మీద నాకు నమ్మకం లేదట. ఈ శనివారం కూడా దింపనన్నాడు. అమ్మ బస్సు టికెట్ కొనేసింది," అన్నాడు. వరసగా ఆరు మ్యాచ్‌లు ఎందుకు ఓడారో కోచ్‌కి కారణం దొరికింది, అదీ నా చేతిరాతలో.

ట్యూటరింగ్ సెంటర్ ఫ్రంట్ డెస్క్‌లో ఇక్కడే పుట్టిన తెలుగమ్మాయి ఒకతె ఉండేది. నా రిపోర్ట్ చదివి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అక్కా, డౌట్ అంటే క్వశ్చన్ కాదు ఇక్కడ. నమ్మకం లేదు అని. నువ్వు ఏం రాసావ్ అంటే, వాడు టీమ్‌ని నమ్మడు, నువ్వు ఇంకా ఎంకరేజ్ చేస్తున్నావ్ అని."

ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. డౌట్స్ క్లియర్ చేసుకోవడానికే ట్యూషన్లకి తిరిగినదాన్ని. ఆ మాటకి ఇంకో అర్థం ఉందని ఏ మాస్టారూ చెప్పలేదు, నాకూ డౌట్ రాలేదు.

అట్నుంచటే కోచ్ ఆఫీస్‌కి పరిగెత్తాను. మా దేశంలో డౌట్ అంటే ప్రశ్న అనీ, ఇతను పాపం ప్రశ్నలు అడిగాడంతే అనీ చెప్పాను. కోచ్ ఓపిగ్గా విన్నాడు.

"ప్రశ్నలా? దేని గురించి?"

"స్టాటిస్టిక్స్ గురించి."

"ఇవాళ స్టాటిస్టిక్స్ గురించి అడిగినవాడు రేపు నా వ్యూహాల గురించి అడగడా?"

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. "రిపోర్ట్ మార్చి రాయి. డౌట్లూ లేవు, ప్రశ్నలూ లేవు, చెప్పింది వింటాడు అని. శనివారం ఆడిస్తాను," అంటూ కాగితం ముందుకు తోశాడు. వాళ్లమ్మ ప్రయాణం తలుచుకుని అక్కడికక్కడే రాసిచ్చాను. మంచిపనే చేశాననుకున్నాను.

శనివారం ఆడాడు. టీమ్ ఓడింది, అది మామూలే. నాకు ఆట ఒక్క ముక్క అర్థం కాకపోయినా అతన్నే చూస్తూ కూర్చున్నాను. అతన్ని దాటి ఒక్కడూ పోలేకపోయాడు. మ్యాచ్ అయ్యాక మైదానం అంచున వాళ్లమ్మకి నన్ను చూపించి, "మా ట్యూటర్," అన్నాడు. ఆఖరి ఏడాది ఆటగాళ్ల ఇళ్లవాళ్లకి ఒక ఫోల్డర్ ఇస్తారు. అందులో నేను మార్చి రాసిచ్చిన కాగితం కూడా పెట్టారట. ఆవిడ అప్పటికే చదివేసింది.

నా చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుంది. "చిన్నప్పట్నుంచీ ఇంతేనమ్మా. క్లాసులో ఏదీ అడగడు. అర్థం కాకపోయినా తలూపి కూర్చుంటాడు. కాలేజీలోనైనా మారతాడేమోనని ఆశపడ్డాను," అంది.

మారాడండీ, ప్రశ్నలతో నా ప్రాణం తోడేస్తున్నాడు అని నోటిదాకా వచ్చింది. పక్కనే కోచ్ నిలబడి ఉన్నాడు. ఈ పని పోతే వచ్చే సెమిస్టర్ ఎలాగని ఒక్క క్షణం ఆగాను. చెబుతానేమోనని వాళ్లమ్మ పక్క నుంచి అతను నా వంకే చూస్తున్నాడు. నేను ఆవిడకి తలూపి ఊరుకున్నాను. ఇన్నేళ్లయినా అది గుర్తొస్తే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.