ఒతీలియా సంతకం చేసిన కాగితం

బుఖారెస్ట్ శివార్లలో ట్రాన్సిస్టర్లు చేసే ఫ్యాక్టరీలో మూడో కొలిమి ఒతీలియాది, నాలుగోది నాది. పదకొండేళ్లు పక్కపక్కనే నిలబడ్డాం. పల్చటి సిలికాన్ పలకల్ని వెయ్యి డిగ్రీల గొట్టంలోకి తోసి బోరాన్ ఆవిరి వదిలేవాళ్లం. ఆ వేడికి పలకలో అక్కడక్కడా పరమాణువులు చోటు ఖాళీ చేస్తాయి. ఆ ఖాళీలు పట్టుకుని బోరాన్ మెల్లిగా లోపలికి దిగుతుంది. కానీ దిగాల్సింది మాత్రమే దిగదు, అక్కర్లేనివీ దిగుతాయి, అదే మా తలనొప్పి.

ఎనభై మూడు అక్టోబరులో వరసగా మూడు విడతలు చెడిపోయాయి. పలకల మీది గాజులాంటి పొరలోకి ఉప్పు చేరిందని, వేడి తగిలితే అది లోపల తిరుగుతోందని ఇంజనీరు హోరియా తేల్చాడు. మర్నాడే తోలుకోటు వేసుకున్న రహస్య పోలీసొకడు వచ్చి ఆఫీసులో కూర్చున్నాడు. ఇది విద్రోహం అన్నాడు. హోరియా తమ్ముడు పశ్చిమ జర్మనీ పారిపోయాడు కాబట్టి వాడి చూపు హోరియా మీదే పడింది.

పలకల్ని పట్టకారుతో ట్రేలో పేర్చేది వెతూరియా. ఆ వారం ఆమె మూడిళ్లకి ఉప్పునీళ్లలో క్యాబేజీ ఊరబెట్టింది. భోజనాల దగ్గర ఆమె వేళ్లు చూసి ఒతీలియా పక్కకి పిలిచింది.

"చేతులు సరిగ్గా కడుక్కుంటున్నావా?"

"తోలు ఊడేలా కడుగుతున్నానక్కా. పగుళ్లలోకి దిగిన ఉప్పు ఎక్కడికి పోతుంది? ఈ గ్లవ్స్ చూడు, వేళ్లన్నీ బయటే ఉన్నాయి. ఆగస్టు నుంచి కొత్తవి అడుగుతూనే ఉన్నా."

ఒతీలియా ఆ రాత్రి నిద్రపోలేదట. పొద్దున్నే జరిగిందంతా కాగితం మీద పెట్టింది: రెండు నెలలుగా గ్లవ్స్ ఇవ్వలేదు, చిరిగినవాటిలోంచి వెతూరియా చేతి ఉప్పు పలకలకి అంటింది, ఇందులో ఎవరి కుట్రా లేదు. కొలిముల దగ్గర పనిచేసే మా ఐదుగుర్నీ సంతకం పెట్టమంది. తలా ఒక సాకు చెప్పాం. నేను పిల్లలున్నారన్నాను. ఆమె ఒక్కతే పెట్టింది.

తోలుకోటు మనిషి చదివి, గ్లవ్స్ గురించి ఉన్న మాటలన్నీ పెన్నుతో కొట్టేశాడు, వెతూరియా చేతి ఉప్పు సంగతి మాత్రం ఉంచాడు. అలాగైతే తన సంతకం ఉండకూడదని ఒతీలియా అంది. అది కింద ఎలాగూ ఉందిగా అన్నాడు వాడు.

హోరియాని వదిలేశారు. వెతూరియాని పెరట్లో యాసిడ్ డ్రమ్ములు కడగడానికి పంపారు. సోమవారానికల్లా కొత్త గ్లవ్స్ వచ్చాయి, పలకలు బాగుపడ్డాయి.

గేటు దగ్గర ఒతీలియా వెతూరియాని ఆపింది. "గ్లవ్స్ సంగతే ముందు రాశానే. వాళ్లు కొట్టేశారు."

"నువ్వేం రాస్తే నాకేంటక్కా? ముందు నాతో ఒక్క మాట అనాల్సింది." వెతూరియా ట్రామెక్కి వెళ్లిపోయింది.

తననీ పెరట్లోకి మార్చమని ఒతీలియా రెండుసార్లు అర్జీ పెట్టింది. కొలిమి ఎవరు చూస్తారని ఒప్పుకోలేదు. రిటైరయ్యేదాకా నా పక్కనే పనిచేసింది. ఆ సంతకం ఎందుకు పెట్టలేదని నన్ను ఒక్కరోజు కూడా అడగలేదు. అడిగితే బాగుండేది.