ఏడికీ పోని నడక

మా ఇంటికి చుట్టాలెవరొచ్చినా అత్తగారు నన్ను పిలిచి ఎదురుగా నిలబెట్టి ఒక మాట చెప్పేది. "మా ఇంటికొచ్చిననాడు పుల్ల తీర్గ ఉండె. ఇప్పుడు సూడుండ్రి." వాళ్ళు చూసేవాళ్ళు. చూడ్డానికి నేను కూడా కావలసినంత ఉండేదాన్ని.

నేను పుట్టి పెరిగింది తిరుమలగిరి దగ్గర ఒక మెట్ట ఊళ్ళో. బావి కింద రెండు మడులు పోను తక్కినదంతా జొన్న, కంది. ఎనభైల్లో పెళ్ళయి హాలియా వచ్చాను. ఇక్కడ సాగర్ కాలువ కింద రెండు పంటలు; అందులో మాదీ ఒక మడి. మా ఆయన రైసుమిల్లులో గుమాస్తా. పొద్దున తాలింపన్నం, మధ్యాహ్నం పప్పన్నం, రాత్రి చారన్నం, నడుమ ఆకలైతే పెరుగన్నం. ఇద్దరు పిల్లలు పుట్టేసరికి కింద కూర్చుంటే లేవడానికి గోడ కావలసి వచ్చేది.

మోకాళ్ళ నొప్పులని దవాఖానకు పోతే డాక్టరు నొక్కి చూసి, "మోకాళ్ళకేం కాలేదమ్మా, వాటి మీద పడే బరువుతోనే కష్టం. తిండి తగ్గించు, పొద్దున్నే నడువు" అన్నాడు. వెంట వచ్చిన అత్తగారు దారి పొడుగునా నోరు విప్పలేదు. ఇంటి గడప దాటాక విప్పింది.

"కోడలికి తిండి పెడ్తలేదని నలుగురు నా మొకం మీద ఉమ్మాల్నా? గా డాక్టరుకేం, చెప్పి పంపిండు."

తిండి తగ్గిస్తానంటే ఒప్పుకోదని అర్థమై దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాను. సోమవారం, గురువారం, శనివారం ఉపవాసమన్నాను. దేవుడి మాట గనుక ఆమె కాదనలేదు. కానీ పొద్దంతా ఏమీ తినలేదని జాలిపడి సాయంత్రం ఫలహారం చేసేది. నేతి ఉప్మా, వేయించిన అటుకులు, బెల్లం కలిపిన పాలు, అరటిపండ్లు. నేను పొద్దంతా ఆ సాయంత్రం కోసమే బతికేదాన్ని.

ఒక సెలవురోజు మా ఆయన నన్ను మిల్లుకు తీసుకెళ్ళి వడ్ల బస్తాలు తూచే కాంటా ఎక్కించాడు. గుండు జరుపుతూ జరుపుతూ పోయాడు. ఉపవాసాలకు ముందు ఒకసారి తూచినప్పటికంటే అది ఇంకా అవతలికే పోయింది. ఆయన గుండు మీంచి చెయ్యి తీసి, "తేమ ఉంటది గద. తరుగు కింద కొంత తీసెయ్యొచ్చు" అన్నాడు. మిల్లులో రైతులకు చెప్పే మాటను ఓదార్పుగా వాడడం ఆయనకే చెల్లింది.

మేం ఆపా అని పిలిచే పక్కింటి ముస్లిం అక్క దగ్గరికి పోయి ఏడ్చాను. ఆమె ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బట్టలు కుట్టేది. నా రవికెల కుట్లు విప్పీ విప్పీ, ఇక విప్పడానికి లోపల బట్ట లేదని చెప్పింది కూడా ఆమే.

"ఉపాసముంటే ఒళ్ళు తగ్గుతదని నీకెవరు చెప్పిండ్రు? రంజాన్ రోజాల నెల అయిపొయ్యేసరికి నేను ఇంత లావైత. పొద్దంతా తినలే, తినలే అని యాది చేసుకుంట పొద్దుగూకినంక రెండింతలు తింటం. నాకు గుడ మిషిన్ తొక్కి తొక్కి నడుం పట్టేసింది. రేపటి సంది నడుద్దాం పా."

మరునాడు తెల్లారుతుండగా ఇద్దరం కాలువ కట్ట ఎక్కాం. ఆ రోజుల్లో మా దగ్గర మనిషి నడిస్తే పొలానికో బస్సుకో నడవాలి, లేదంటే చేతిలో చెంబు ఉండాలి. ఎదురొచ్చిన మొదటి మనిషే సైకిల్ దిగి, "ఏడికి వోతున్నరు?" అని అడిగాడు.

"ఏడికి లేదు. ఉత్తగనే."

ఆయన మా చేతుల దిక్కు చూశాడు. చెంబు లేదు, గంప లేదు, కొడవలి లేదు. "ఉత్తగనే ఎవలన్న నడుస్తరా?" అని తనలో తనే అనుకుంటూ సైకిల్ ఎక్కి, కనపడినంతసేపూ వెనక్కి తిరిగి చూస్తూ పోయాడు.

ఇంకాస్త ముందుకు పోగానే మా ఆయనకు వరసకు తమ్ముడయ్యే అతను ట్రాక్టర్ ఆపాడు. "ఎక్కు వదినె, ఇంటికాడ దించుత." నడవడానికే వచ్చామని చెప్పినా, "నా ట్రాక్టరెందుకు ఎక్కుతరు తియ్, పెద్దోళ్ళు" అని మొహం మాడ్చుకున్నాడు. ఎక్కక తప్పలేదు. అతను మమ్మల్ని సెంటర్లో ఆపి వేడి వేడి మిర్చిబజ్జీలు కట్టించి ఇచ్చి ఇంటి ముందు దించాడు. మొదటి రోజు నడక అలా ముగిసింది.

వారం గడిచాక ఆపా ఇంటికి చుట్టాలొస్తే నేను ఒక్కదాన్నే పోయాను. మోకాళ్ళు గుంజుతుంటే తూము గోడ మీద కాసేపు కూర్చుని నీళ్ళు చూస్తూ ఉన్నాను. అంతే జరిగింది. ఆ మరునాడు మొదటి బస్సుకు మా బాపు దిగాడు. భుజాన అమ్మ కట్టిచ్చిన సకినాల మూట, ముఖంలో నెత్తుటి చుక్క లేదు. కాళ్ళు కడుక్కోమన్నా వినకుండా వాకిట్లోనే నిలబడ్డాడు.

"కాల్వ కట్ట మీద ఒక్కదానివే కూసొని నీళ్ళ దిక్కు సూస్తున్నవంట. బస్సు డ్రైవర్ చెప్పంగ విన్న. ఏం తక్కువైంది బిడ్డా నీకు?"

నేను నోరు తెరిచేలోగా వంటింట్లోంచి అత్తగారు వచ్చింది. "తక్కువేంది అన్నా? ఎక్కువైందనే నడుస్తున్నది."

బాపు నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. ఆమె మాటలో అబద్ధమేమీ కనిపించలేదేమో, మెల్లగా అరుగు మీద కూలబడ్డాడు. మంచినీళ్ళు తాగాడు. డాక్టరు చెప్పింది, కాంటా చెప్పింది అన్నీ విన్నాడు. చివరికి అత్తగారితో, "చెల్లె, రేపటి సంది నువ్వు గుడ దాని వెంట పో. అత్తకోడండ్లు కల్సి పోతే ఏ నోరు లేవది" అన్నాడు. వియ్యంకుడి మాట తీసేయలేక, నా మీద ఒక కన్నేసి ఉంచినట్టు కూడా అవుతుందని, ఆమె సరేనంది.

మొదటి రోజు మా వెనక కాపలాకు నడిచింది. మూడో రోజుకు పక్కన నడిచింది. ఆ తర్వాత ఆమె ముందు, నేనూ ఆపా రొప్పుతూ వెనక. ఎవరడిగినా ఆగకుండానే జవాబు చెప్పేది: "మడి కాడికి. నీళ్ళెక్కినయా లేదా సూసొస్తం." ఒక్క మాటతో ఊరి అనుమానాలన్నీ తీరిపోయాయి. ఎండాకాలం కాలువ బందయ్యాక కూడా మేం మానలేదు. "నీళ్ళే లేవు గద పెద్దమ్మా" అని ఒకాయన అంటే, "ఉన్నయా లేవా, సూస్తేనే గద తెల్సేది" అని దాటిపోయింది.

నడక కుదిరింది గానీ ఒళ్ళు తగ్గలేదు. కారణం అత్తగారే పట్టుకుంది. ఒకరోజు పిల్లలు తిని లేచాక వాళ్ళ పళ్ళేలు ముందేసుకుని నేను ఊడ్చి తింటున్నాను.

"నువ్వు తిన్నవు గద ఇందాక. మళ్ళ గిదేంది?"

"పారెయ్యనీకి మనసొప్పది అత్తమ్మా."

"కొట్టంల బర్రె ఉన్నది, కుడితి గోలెమున్నది. నీ కడుపేమన్న కుడితి గోలెమా?"

మాట గుచ్చుకుంది. కానీ అంట్లు తోముతుంటే ఆలోచన వచ్చింది. ఈ ఇంట్లో నేను ఆకలై తిన్నదెప్పుడు? అన్నం పాడవుతుందని తిన్నాను, పెట్టినవాళ్ళు నొచ్చుకుంటారని తిన్నాను, అందరూ తిన్నాక కుండ ఖాళీ చేయాలని తిన్నాను. ఆకలవుతోందా అని నన్ను నేను ఒక్కసారీ అడగలేదు. ఆ రాత్రి నుంచి అడగడం మొదలుపెట్టాను. చాలాసార్లు లేదనే జవాబొచ్చేది. మిగిలింది బర్రెకు పోయేది. నెల తిరిగేసరికి బర్రె నిగనిగలాడింది.

అన్నిటికంటే కష్టమైంది "సాలు" అనడం. రంజాన్ పండుగకు ఆపా ఇంట్లో ఒక గిన్నె సేమ్యా తిని, ధైర్యం చేసి సాలన్నాను. "ఫికర్ చెయ్యకు, నీ కడుపు సంగతి నాకు తెల్వదా" అని ఆమె మెచ్చుకుని, పెద్ద డబ్బా నింపి చేతికిచ్చింది.

రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె చేస్తానంటే అత్తగారు ఈసారి అడ్డు చెప్పలేదు. కాలువ రాకముందు వాళ్ళూ తిన్నదదే. అయితే రెండు రొట్టెలు నమిలేసరికి దవడలే చాలంటాయని ఆమె మరిచిపోయింది. మా ఇంట్లోంచి రోజూ రొట్టెలు చరిచే చప్పుడు విని వీధిలో వేరే లెక్కలు వేసుకున్నారు. మిల్లు యజమాని భార్య మా ఆయన్ని పక్కకు పిలిచి, ఇంట్లో బియ్యానికి ఇబ్బందైతే మొహమాటపడొద్దని చెప్పి పంపింది.

ఏడాది తిరిగేసరికి గోడ పట్టుకోకుండా లేచి నిలబడుతున్నాను. ఆపా నా రవికెలకు మళ్ళీ కుట్లు వేస్తూ, విప్పిన చేతులతోనే వేయాల్సి వచ్చిందని సణుగుతూ నవ్వేది.

ఆ ఎండాకాలం మా ఆడబిడ్డ మరిది పెళ్ళికి దేవరకొండ పోయాం. పందిట్లో అడుగుపెట్టగానే ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని మణికట్టు తిప్పి చూసింది. "గిట్ల ఎండిపోయినవేంది బిడ్డా? అత్త తిండి పెడ్తలేదా?"

చుట్టూ నలుగురు ఆగారు. ఈ మాట పడకూడదనే కదా ఆమె ఇన్నేళ్ళు నాకు నెయ్యి పోసింది. అత్తగారు కొంగు సర్దుకుని ముందుకొచ్చి ఆ ముసలామె ఎదుట పక్కకు తిరిగి నిలబడింది.

"దాన్నొక్కదాన్నే సూస్తవేందక్కా? నన్ను గుడ సూడు. నేను గుడ తగ్గిన. మరి నాకెవరు పెడ్తలేరంటవ్?"

ముసలామెను బంతిలో మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకున్నాం. బగారన్నం రెండోసారి వచ్చినప్పుడు నేనూ అత్తగారూ ఒకేసారి ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాం. ముసలామె మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, మా వాటా కూడా తన ఆకులోనే వేయించుకుంది.